ఒక్కరూ బేస్ ఎక్కని ఆట: 1956 వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్ స్కోర్‌షీట్ తయారీ డైరీ

పని ఏమిటి

1956 అక్టోబర్ 8న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో యాంకీస్, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్లు ఆడిన బేస్‌బాల్ మ్యాచ్‌ని (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఐదోది) చేత్తో గీసిన షీట్ మీద, మైదానంలో కూర్చున్న స్కోరర్ రాసినట్టుగా, ఒక్కో బ్యాటర్‌నీ వరసగా తీసుకుని మళ్ళీ రాయడం. రాస్తే సగం పని అయినట్టు. ఆ షీట్‌లోంచి బాక్స్ స్కోర్ (ఒక్కో ఆటగాడి మొత్తాల పట్టిక) కట్టి, అచ్చయిన బాక్స్ స్కోర్‌తో అంకె అంకె కలిసిందా అని చూడటం మిగతా సగం.

ఫలితం ముందే చెప్పేస్తాను. యాంకీస్ 2, డాడ్జర్స్ 0. యాంకీస్ పిచర్ (బంతి విసిరేవాడు) డాన్ లార్సెన్ 97 బంతుల్లో వరసగా 27 మందిని అవుట్ చేశాడు. హిట్ (బంతి కొట్టి బేస్ చేరడం) లేదు, వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా మొదటి బేస్) లేదు, ఎర్రర్ (ఫీల్డర్ తప్పు) లేదు. దాన్నే పర్ఫెక్ట్ గేమ్ అంటారు. వరల్డ్ సిరీస్‌లో ఇప్పటికీ అదొక్కటే. ఆట 2 గంటల 6 నిమిషాల్లో అయిపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళు 64,519 మంది.

ఈ ఆటే ఎందుకంటే, నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచిది దొరకదు. డాడ్జర్స్ వైపు అంతా అవుట్లే కాబట్టి అంకెల భాష బాగా పట్టుబడుతుంది. యాంకీస్ వైపు బ్యాటింగ్‌కి వచ్చింది 29 సార్లే అయినా అందులో హోమ్ రన్ (అన్ని బేసులూ చుట్టి వచ్చే దెబ్బ), సింగిల్స్ (ఒక్క బేస్ హిట్లు), వాక్, సాక్రిఫైస్ బంట్ (బంతిని మెల్లగా తాకించి, తాను అవుటై రన్నర్‌ని ముందుకి పంపడం), ఫోర్స్ అవుట్ (వెనక బ్యాటర్ వస్తున్నందుకు కదలక తప్పని రన్నర్ తర్వాతి బేస్ దగ్గర అవుటవడం), రెండు డబుల్ ప్లేలు (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అన్నీ ఉన్నాయి.

దశ 1: అంకెల భాష

క్రికెట్ స్కోర్ పుస్తకం రాసినవాళ్ళకి మొదట చిరాకు వేసేది ఇక్కడే. క్రికెట్‌లో బంతి బంతికీ లెక్క ఉంటుంది, ఓవర్ల వారీగా నడుస్తుంది. బేస్‌బాల్ షీట్‌లో అడ్డ వరస ఒక బ్యాటర్‌ది, నిలువు వరస ఒక ఇన్నింగ్స్‌ది. బ్యాటర్‌కి ఆ ఇన్నింగ్స్‌లో ఏం జరిగిందో ఆ గడిలోనే అంతా ఇమడాలి. బాక్స్ స్కోర్‌కి రూపం ఇచ్చినవాడిగా పేరున్న హెన్రీ చాడ్విక్ కూడా ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ ఇటు వచ్చినవాడే. బ్యాటింగ్ లెక్క ఒక వైపు, ఎదుటి జట్టు లెక్క ఇంకో వైపు పెట్టి రెండూ సరిపోవాలనే పట్టుదల రెండు ఆటల్లోనూ ఒకటే.

ఫీల్డర్లకు అంకెలు ఉంటాయి. ఇవి చొక్కా మీద నంబర్లు కావు, నిలబడే చోటుకి ఇచ్చినవి.

1. పిచర్
2. క్యాచర్
3. ఫస్ట్ బేస్
4. సెకండ్ బేస్
5. థర్డ్ బేస్
6. షార్ట్‌స్టాప్
7. లెఫ్ట్ ఫీల్డ్
8. సెంటర్ ఫీల్డ్
9. రైట్ ఫీల్డ్

షార్ట్‌స్టాప్ 5 కాదు, 6. రెండో, మూడో బేసుల మధ్య నిలబడతాడు కాబట్టి చెయ్యి దానంతట అదే 5 వేస్తుంది. ఈ జాబితాని చిన్న అట్టముక్క మీద రాసి షీట్ పక్కన పెట్టుకోండి.

నేను వాడిన గుర్తులు:
1. గాల్లో పట్టిన బంతికి పట్టినవాడి అంకె మాత్రమే. రైట్ ఫీల్డర్ పడితే 9.
2. నేలబంతికి విసిరినవాడు, గీత, అందుకున్నవాడు. 4-3 అంటే సెకండ్ బేస్‌మన్ ఫస్ట్ బేస్‌కి విసిరాడు.
3. స్ట్రైక్ అవుట్‌కి (మూడు స్ట్రైక్‌లు పడి అవుటైతే) కె అక్షరం. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కె తిరగేసి.
4. ఆ ఇన్నింగ్స్‌లో ఎన్నో అవుటో గడి మూలలో, చుట్టూ సున్నాతో.

దశ 2: గడి కొలతలు

మొదట ఎ4 కాగితం అడ్డంగా పెట్టి గీశాను. లెక్క ఇలా: అంచులు 30, పేర్లు 50, స్థానం 10, ఇన్నింగ్స్ గడులు 9 × 18 = 162, మొత్తాల గడులు 5 × 9 = 45. కలిపి 297 మిల్లీమీటర్లు, కాగితం వెడల్పుకి సరిగ్గా సరిపోయింది. కాగితానికి సరిపోయింది గానీ ఆటకి సరిపోలేదు. 18 మి.మీ. గడిలో బేసుల డైమండ్ (నాలుగు బేసులని చూపే చతురస్రం) గీశాక మిగిలే చోట 4-3 పడుతుంది. ఆరో ఇన్నింగ్స్‌లో మాంటిల్ గడిలో 3-2-5-2-5 రాయాలి. అది పక్క గడిలోకి పాకింది.

మార్చిన లెక్క, ఎ3 కాగితం (420 × 297), జట్టుకి ఒక షీట్:

అడ్డంగా: అంచులు 32, పేర్లు 70, స్థానం 15, గడులు 9 × 27 = 243, మొత్తాలు 5 × 12 = 60. మొత్తం 420.
నిలువుగా: అంచులు 30, శీర్షిక 20, ఇన్నింగ్స్ నంబర్లు 10, గడులు 9 × 22 = 198, అడుగు మొత్తాలు 15, పిచర్ వివరాలు 24. మొత్తం 297.

గడి చదరంగా లేదు, 27 × 22. కంటికి కాస్త వెడల్పుగా అనిపిస్తుంది. అయినా అంకెల గొలుసు అడ్డంగానే సాగుతుంది కాబట్టి చోటు అడ్డంగానే కావాలి.

తొమ్మిదో స్థానం పేరు గడిని మాత్రం సగానికి చీల్చి 11 మి.మీ. చొప్పున రెండు వరసలు చేశాను. పైన డాడ్జర్స్ పిచర్ సాల్ మాగ్లీ, కింద తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అతని బదులు బ్యాట్ పట్టుకొచ్చిన డేల్ మిచెల్. ఈ చీలిక ముందే గీసుకోకపోతే చివరి బ్యాటర్ పేరు అంచులో ఇరికించాల్సి వస్తుంది. ఆ ఆటలో అన్నిటికన్నా ముఖ్యమైన గడికి అలాంటి గతి పట్టకూడదు.

డైమండ్ గురించి ఇంకో మార్పు. అచ్చు షీట్లలో చాలావాటికి ప్రతి గడిలోనూ డైమండ్ ముందే ఉంటుంది. నేనూ పాత ఎక్స్‌రే ఫిల్ము కోసి, 12 మి.మీ. కర్ణం ఉన్న డైమండ్ అచ్చు చేసుకుని అన్ని గడుల్లో గీశాను. తర్వాత తీసేశాను. బ్యాటర్ బేస్ చేరితేనే గీస్తే చాలు. యాంకీస్ వైపు 29 గడుల్లో డైమండ్ కావాల్సినవి 9. డాడ్జర్స్ వైపు ఒక్కటీ లేదు. ఆ షీట్‌ని దూరం నుంచి చూసినా ఇది ఎలాంటి ఆటో తెలిసిపోతుంది.

దశ 3: కాగితం, ఇంకు, జిరాక్స్

కాగితం: చార్ట్ పేపర్ మీద ఇంకు పీల్చుకుని 0.5 గీత దాదాపు 1 మి.మీ. దాకా పాకింది. విజయవాడలో వానాకాలం గాలి తేమ కూడా తోడైంది. మందం ఉన్న డ్రాయింగ్ షీట్‌కి మారాను, పాకడం ఆగింది.

పెన్ను: జెల్ పెన్ను ఆరేలోపే స్టీల్ స్కేలు కిందకి ఇంకు లాక్కుంది. రెండు మార్పులు చేశాను. ఒకటి, 0.3 పిగ్మెంట్ ఇంకు పెన్ను. రెండు, స్కేలు అడుగున రెండు చివర్లా మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించాను. అంచు కాగితానికి తగలకుండా లేస్తుంది, ఇంకు కిందకి పోదు.

జిరాక్స్: ఖాళీ గళ్ళ షీట్‌ని కాపీలు తీయిస్తే తొమ్మిది గడుల వెడల్పు 243 బదులు 236 మి.మీ. వచ్చింది. మెషిన్ కాగితం అంచులకి సర్దేసి చిన్నది చేసింది. చూడటానికి తేడా తెలియదు, డైమండ్ అచ్చు పెట్టినప్పుడు బయటపడింది. నూరు శాతం సైజు అని అడిగి తీయించండి. మొదటి కాపీని అక్కడే స్కేలు పెట్టి కొలవండి.

రాసే క్రమం కూడా ముఖ్యమే:
1. గళ్ళు 2హెచ్ పెన్సిల్‌తో, తర్వాత ఇంకుతో.
2. ఆట మొత్తం హెచ్‌బీ పెన్సిల్‌తో కాపీ షీట్ మీద.
3. దశ 6లో చెప్పిన లెక్కలన్నీ తేలాకే అసలు షీట్ మీద ఇంకు.

దశ 4: డాడ్జర్స్ షీట్

బ్యాటింగ్ వరస: గిలియమ్, రీస్, స్నైడర్, జాకీ రాబిన్సన్, హాడ్జెస్, అమోరోస్, ఫురిల్లో, కాంపనెల్లా, మాగ్లీ. రాబిన్సన్‌కి ఇదే చివరి సీజన్.

ఇన్నింగ్స్ 1: తిరగేసిన కె, తిరగేసిన కె, 9.
ఇన్నింగ్స్ 2: 5-6-3, కె, 4.
ఇన్నింగ్స్ 3: 9, కె, 8.
ఇప్పటిదాకా: బ్యాటర్లు 9, అవుట్లు 9, స్ట్రైక్ అవుట్లు 4.

రెండో ఇన్నింగ్స్ మొదటి గడి దగ్గర ఆగాలి. రాబిన్సన్ కొట్టిన బంతి గట్టిగా థర్డ్ బేస్‌మన్ కేరీ గ్లవ్‌కి తగిలి పక్కకి ఎగిరింది. షార్ట్‌స్టాప్ మెక్‌డూగల్డ్ దాన్ని అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు, రాబిన్సన్ ఒక్క అడుగు తేడాలో అవుట్. షీట్ మీద 5-6-3. కేరీ బంతిని విసరలేదు కాబట్టి 5 ఎందుకని అనుమానం వస్తుంది. బంతిని తాకి దారి మళ్ళించినా, ఆ ఆట అవుట్‌తో ముగిస్తే అసిస్ట్ (అవుట్‌కి సాయపడినవాడికి వేసే లెక్క) ఇవ్వాలని నియమం. ఉత్త 6-3 అని రాస్తే అవుట్ల లెక్క తేలుతుంది గానీ ఆ బంతి ప్రయాణం పోతుంది.

ఇన్నింగ్స్ 4: 4-3, 4-3, తిరగేసిన కె.
ఇన్నింగ్స్ 5: 9, 8, 4-3.
ఇన్నింగ్స్ 6: 4, 4, కె.
ఇప్పటిదాకా: బ్యాటర్లు 18, అవుట్లు 18, స్ట్రైక్ అవుట్లు 6.

ఈ పని మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఐదో ఇన్నింగ్స్. హాడ్జెస్ ఎడమ-మధ్య భాగంలోకి దూరంగా కొట్టాడు. మిక్కీ మాంటిల్ పరుగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి చాచి పట్టాడు. షీట్ మీద 8. మూడో ఇన్నింగ్స్‌లో మాగ్లీ కొట్టింది కూడా 8. రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ వెంటనే అమోరోస్ కొట్టిన బంతి కుడివైపు స్టాండ్స్ దాకా వెళ్ళింది, ఫౌల్ గీతకి కొద్దిగా అవతల పడింది. ఇవతల పడితే హోమ్ రన్, పర్ఫెక్ట్ గేమ్ అక్కడితో సరి. ఫౌల్ బంతికి షీట్‌లో చోటే లేదు. అతని గడిలో మిగిలింది 4-3.

అందుకని రెండు చేర్పులు చేశాను. అసాధారణమైన ఫీల్డింగ్‌కి గడి పై మూలలో చిన్న నక్షత్రం. ఇది చాలామంది స్కోరర్లకి అలవాటున్నదే. రాబిన్సన్ గడికీ, హాడ్జెస్ గడికీ వేశాను. ఇక అమోరోస్ ఫౌల్ కోసం అడుగున ఒక గమనికల వరస పెట్టాను. దానికి చోటు పిచర్ వివరాల 24 మి.మీ.లోంచి 8 తీసుకున్నాను. అంకెలు చెప్పలేనిది షీట్‌లో ఉండకూడదనే పట్టింపు కొందరికి ఉంటుంది. ఈ ఆటకి సంబంధించినంతవరకు నేను ఒప్పుకోను.

ఇన్నింగ్స్ 7: 6-3, 8, 7.
ఇన్నింగ్స్ 8: 1-3, 5, 8.
ఇన్నింగ్స్ 9: 9, 4-3, తిరగేసిన కె.
మొత్తం: బ్యాటర్లు 27, అవుట్లు 27, స్ట్రైక్ అవుట్లు 7, పరుగులు 0, హిట్లు 0.

చివరి గడి మిచెల్‌ది. కెరీర్ సగటు .312, జీవితం మొత్తంలో స్ట్రైక్ అవుట్ అయింది 119 సార్లే. అలాంటివాడు బంతిని వదిలేసి నిలబడ్డాడు, అంపైర్ బేబ్ పినెల్లి స్ట్రైక్ అన్నాడు. ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక పినెల్లికి అదే చివరి ఆట. ఆ తిరగేసిన కె గీయడానికి ముందు వేరే కాగితం మీద సాధన చేయండి. తిన్నగా ఉన్న కె కన్నా అది వంకరగా వచ్చే అవకాశం ఎక్కువ.

గడులు 81, వాడినవి 27, ఖాళీ 54.

దశ 5: యాంకీస్ షీట్

వరస: బావర్, కాలిన్స్, మాంటిల్, బెర్రా, స్లాటర్, మార్టిన్, మెక్‌డూగల్డ్, కేరీ, లార్సెన్.

మొదటి మూడు ఇన్నింగ్స్ తొమ్మిది మంది, తొమ్మిది అవుట్లు. అక్కడిదాకా మాగ్లీ కూడా పర్ఫెక్టే. చాలామంది ఈ సంగతి గుర్తుపెట్టుకోరు.

ఇన్నింగ్స్ 4: ఇద్దరు అవుటయ్యాక మాంటిల్ హోమ్ రన్, కుడి ఫౌల్ స్తంభానికి దగ్గరగా. ఆ మూల దూరం 296 అడుగులే. తర్వాత బెర్రా బంతిని స్నైడర్ దూకి పట్టాడు, నక్షత్రం.
ఇప్పటిదాకా: బ్యాటర్లు 13, అవుట్లు 12, పరుగులు 1, హిట్లు 1.

ఇన్నింగ్స్ 5: స్లాటర్‌కి వాక్. మార్టిన్ బంట్ చేశాడు, మాగ్లీ రెండో బేస్‌కి విసరగా స్లాటర్ ఫోర్స్ అవుట్, 1-6. మెక్‌డూగల్డ్ కొట్టిన లైన్ డ్రైవ్‌ని (నేలకి సమాంతరంగా దూసుకెళ్ళే బంతి) రీస్ ఎగిరి గాల్లోకి తట్టి మళ్ళీ పట్టుకుని, ఫస్ట్ బేస్‌కి విసిరి మార్టిన్‌ని కూడా అవుట్ చేశాడు.
ఇప్పటిదాకా: బ్యాటర్లు 16, అవుట్లు 15, పరుగులు 1, హిట్లు 1, వాక్‌లు 1.

ఇక్కడ కాపీ చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. బంట్ అనగానే సాక్రిఫైస్ అని రాయకండి. ముందున్న రన్నర్ ఒక బేస్ ముందుకి వెళ్తేనే అది సాక్రిఫైస్, అప్పుడు దాన్ని ఎట్ బ్యాట్‌గా (బ్యాటర్ సగటు లెక్కలోకి వచ్చే అవకాశంగా) లెక్కించరు. ఇక్కడ స్లాటర్ అవుటయ్యాడు కాబట్టి మార్టిన్‌కి ఎట్ బ్యాట్ పడుతుంది. దీన్ని సాక్రిఫైస్ చేస్తే జట్టు ఎట్ బ్యాట్స్ 25 వస్తాయి, అచ్చులో 26.

ఇన్నింగ్స్ 6: కేరీ సింగిల్. లార్సెన్ సాక్రిఫైస్, ఇది నిజమైనది. బావర్ సింగిల్, కేరీ పరుగు. కాలిన్స్ సింగిల్, బావర్ మూడో బేస్‌కి. మాంటిల్ ఫస్ట్ బేస్ వైపు నేలబంతి కొట్టాడు. హాడ్జెస్ బేస్ తొక్కి హోమ్‌కి విసిరాడు, బావర్ మూడో బేస్‌కీ హోమ్‌కీ మధ్య చిక్కుకున్నాడు. కాంపనెల్లా, రాబిన్సన్, మళ్ళీ కాంపనెల్లా, మళ్ళీ రాబిన్సన్. 3-2-5-2-5.
ఇప్పటిదాకా: బ్యాటర్లు 21, అవుట్లు 18, పరుగులు 2, హిట్లు 4, బేసుల మీద మిగిలినవాళ్ళు 1.

ఈ గడిని రాయడంలో పద్ధతి రెండుసార్లు మార్చాను. గొలుసు మొత్తం మాంటిల్ గడిలో రాసి రెండు అవుట్ నంబర్లు అక్కడే పెడితే, బావర్ డైమండ్ మూడో బేస్ దగ్గర తెగిపోయి అతనేమయ్యాడో తెలియదు. గొలుసుని బావర్ గడికి మారిస్తే మాంటిల్ ఎలా అవుటయ్యాడో తెలియదు. చివరికి ఇలా స్థిరపడ్డాను: మాంటిల్ గడిలో 3, అవుట్ నంబర్ 2, పక్కన డబుల్ ప్లే గుర్తు. బావర్ గడిలో 3-2-5-2-5, అవుట్ నంబర్ 3. రెండు గడుల్ని సన్నటి ఎర్ర గీతతో కలిపాను. షీట్ మొత్తంలో ఎర్ర ఇంకు ఇక్కడా, ఐదో ఇన్నింగ్స్ డబుల్ ప్లే దగ్గరా మాత్రమే ఉంది.

ఇన్నింగ్స్ 7: ఇద్దరు అవుటయ్యాక మార్టిన్ సింగిల్, మెక్‌డూగల్డ్ వాక్. కేరీ బంతికి ఫోర్స్ అవుట్.
ఇన్నింగ్స్ 8: లార్సెన్, బావర్, కాలిన్స్. మాగ్లీ ముగ్గుర్నీ స్ట్రైక్ అవుట్ చేశాడు.
మొత్తం: బ్యాటర్లు 29, అవుట్లు 24, పరుగులు 2, హిట్లు 5, వాక్‌లు 2, మిగిలినవాళ్ళు 3. తొమ్మిదో గడిలో గుణకారం గుర్తు, బ్యాటింగ్ అవసరం పడలేదు.

దశ 6: సరిచూడటం

కిరాణా కొట్టు పద్దులా రెండు వైపులా తేలాలి.

1. బ్యాటింగ్‌కి వచ్చినవాళ్ళు = పరుగులు + బేసుల మీద మిగిలినవాళ్ళు + ఎదుటి జట్టు చేసిన పుటౌట్లు (అవుట్ పూర్తిచేసిన ఫీల్డర్ ఖాతాలో పడే లెక్క). యాంకీస్: 29 = 2 + 3 + 24. డాడ్జర్స్: 27 = 0 + 0 + 27.
2. ఎట్ బ్యాట్స్ + వాక్‌లు + సాక్రిఫైస్‌లు = బ్యాటింగ్‌కి వచ్చినవాళ్ళు. యాంకీస్: 26 + 2 + 1 = 29.

మార్టిన్ బంట్ లాంటి తప్పు ఈ రెండు సూత్రాల్లోనూ పట్టుబడదు. 25 + 2 + 2 కూడా 29 అవుతుంది కదా. అందుకే ఒక్కో ఆటగాడి ఎట్ బ్యాట్స్ విడిగా చూడాలి: బావర్ 4, కాలిన్స్ 4, మాంటిల్ 3, బెర్రా 3, స్లాటర్ 2, మార్టిన్ 3, మెక్‌డూగల్డ్ 2, కేరీ 3, లార్సెన్ 2. కలిపితే 26.

3. యాంకీస్ పుటౌట్లు: బెర్రా 7, కాలిన్స్ 7, బావర్ 4, మాంటిల్ 4, మార్టిన్ 3, స్లాటర్ 1, కేరీ 1. మొత్తం 27. స్ట్రైక్ అవుట్‌కి పుటౌట్ క్యాచర్ ఖాతాలోకి వెళ్తుంది, అందుకే బెర్రాకి 7. లార్సెన్‌కి పుటౌట్ ఒక్కటీ లేదు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రాబిన్సన్ నేలబంతికి వచ్చిన అసిస్ట్ ఒక్కటే.
4. అసిస్టులు: మార్టిన్ 4, మెక్‌డూగల్డ్ 2, కేరీ 1, లార్సెన్ 1. మొత్తం 8.

చివరి రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. నేలబంతుల అవుట్లన్నీ కాలిన్స్ దగ్గరే ముగిశాయి, అవి 7. అసిస్టులు మాత్రం 8. ఒక్కటి ఎక్కువ ఎందుకు? రెండో ఇన్నింగ్స్‌లో కేరీ గ్లవ్‌కి తగిలిన బంతి వల్ల. అంటే షీట్ పోయి ఉత్త బాక్స్ స్కోర్ మిగిలినా, ఆ మధ్యాహ్నం ఒక బంతి ఇద్దరి చేతులు తాకి ఫస్ట్ బేస్ చేరిందని లెక్క చెబుతుంది. పెన్సిల్ కాపీలో 6-3 అని రాసి ఉంటే అసిస్టులు 7 వచ్చి, అచ్చులోని 8తో కలిసేవి కావు.

దశ 7: వదిలేసినది

ప్రతి గడి కింద బంతుల లెక్కకి చుక్కల వరస పెట్టాలనుకున్నాను, మొత్తం 97 తేలాలి. తీసేశాను. ఈ ఆట టీవీ ప్రసారానికి ఫిల్ము కాపీ దొరికింది, మెల్ అలెన్, విన్ స్కలీ వ్యాఖ్యానంతో. 2009 జనవరి 1న ఎంఎల్‌బీ నెట్‌వర్క్ అనే బేస్‌బాల్ టీవీ ఛానల్ మొదలైన రోజున దాన్ని వేశారు. కానీ అందులో మొదటి ఇన్నింగ్స్ లేదు. ఆట మొత్తంలో లార్సెన్ మూడు బాల్స్ (స్ట్రైక్ కాని చెడ్డ బంతులు) దాకా వెళ్ళింది ఒక్క బ్యాటర్‌కే, అది మొదటి ఇన్నింగ్స్‌లో రీస్‌కి. చుక్కల వరస పెడితే సరిగ్గా ఆ గడి దగ్గరే కంటితో చూసి వేసే వీలు లేదు. బదులుగా రీస్ గడిలో 3-2 (మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు) అని చిన్నగా రాసి, మొత్తం 97 అని పిచర్ వివరాల్లో పెట్టాను.

ఇంకు పని డాడ్జర్స్ షీట్‌కి పూర్తయింది. యాంకీస్ షీట్‌లో ఎర్ర గీతలు మిగిలాయి. నల్ల ఇంకు పూర్తిగా ఆరాకే ఎర్రది వేయాలి, లేకపోతే రెండూ కలిసి గోధుమరంగు వస్తుంది. తర్వాత గీయబోయేది అదే సిరీస్ రెండో మ్యాచ్. అందులో ఇదే లార్సెన్ రెండో ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయకుండా వెనక్కి వెళ్ళాడు, డాడ్జర్స్ 13-8తో గెలిచారు. పిచర్లు పదేపదే మారారు కాబట్టి 24 మి.మీ. పిచర్ గడి చాలదు. ఇన్నింగ్స్ గడుల ఎత్తు 22 నుంచి 20కి తగ్గిస్తే 18 మి.మీ. మిగులుతుంది. అదంతా పిచర్ వివరాలకి ఇస్తే అక్కడ 42 మి.మీ. వస్తుంది.